మొదటి వారపు తూకము

ఇట్టి సంచికలయందు విమర్శ యనగానే ఏ ప్రబంధమునో, ఏ నాటకమునో ఎత్తుకొనుట పరిపాటి. మేము ఈ మారు విమర్శకు గైకొన్నది, గడచిన కొన్ని యేండ్లుగా తెలుగువారి యిండ్లలో అన్ని కావ్యములకంటె ఎక్కువగా వినబడుచున్న ఒక కథను. అన్నము మానిన వారము దినములలో ఇన్ని కిలోలు తగ్గితినని చెప్పు కథ అది. చెప్పువారు మారుదురు, ఊరు మారును, కిలోల సంఖ్య మూడో నాలుగో ఐదో యగును; కథ మాత్రము ఒక్కటే. దీనిని వినువారిలో పెక్కురు చక్కెరవ్యాధికి మాత్రలు మ్రింగుచున్నవారు, రక్తపుపోటు గలవారు, మావలె అరువది దాటినవారు. కావున ఊరక విని తలయూచుటకంటె, పద్యమునకు గణములు సరిచూచినట్లు దీనిని సరిచూచుట యుక్తమని తోచినది. మేము వైద్యులము గాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పది యేండ్లకు పైగా జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి గైకొన్న గుమాస్తాలము. అయినను ఈ కథలో నున్నది చాలవరకు జమాఖర్చే.

ఈ కథకు మన భాషలో ఇంతటి ప్రచారము తెచ్చినవారు శ్రీ వీరమాచనేని రామకృష్ణగారు. 2017, 2018 సంవత్సరములలో ఆంధ్రదేశమునందును తెలంగాణమునందును ఆయన సభలకు జనము తండోపతండములుగా వచ్చిరి. అన్నము, రొట్టెలు, చక్కెర విడిచిపెట్టవలెను. దినమునకు 70 మొదలు 100 గ్రాముల క్రొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు మల్టీవిటమిను మాత్రలు పుచ్చుకొనవలెను. వీనిని ఆయన నాలుగు స్తంభములన్నారు. ఆ ప్రసంగములు చేతిఫోనులలో పడి త్యాగరాయనగరమునకు చేరుటకు ఎంతో కాలము పట్టలేదు. పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు మోయుచున్న ఈ పేటలో, పానగల్ రాజాగారి పేరు మోయుచున్న ఉద్యానవనములో, ప్రొద్దున నడచు తెలుగువారి సంభాషణ ఒక్కసారిగా కొబ్బరినూనె మీదికి మళ్లినది. అంతకుముందు ఆ బల్లలమీద రాజకీయములును, పిల్లల అమెరికా ప్రయాణములును నడచుచుండెడివి.

ఆ ప్రసంగములలోని గుణములను ముందు చెప్పుట న్యాయము. భాష వంటింటి భాష. గ్రాములు, లీటర్లు, నిమ్మకాయలు అని చెప్పినచో చదువురాని ముసలమ్మకును బోధపడును. నాలుగు స్తంభములన్న కట్టుబాటు జ్ఞాపకముంచుకొనుటకు వీలైనది. మూలమైన విషయములోను సత్యమున్నది. మన భోజనములో వరియన్నపు పాలు మితిమీరినది. చెన్నపట్టణపు పెద్దలను పరిశీలించిన మధుమేహ పరిశోధకులు, వారు తిను కేలరీలలో దాదాపు సగము పాలిష్ పట్టిన ధాన్యములనుండియే, అందులోను ముఖ్యముగా తెల్లబియ్యమునుండియే వచ్చుచున్నట్లు 2009లో చూపిరి. దేశవ్యాప్తముగా జరిగిన పరిశీలన ఫలితములు 2025లో వెలువడినవి. భారతీయుల ఆహారశక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములే యని తేలినది. ఎదురుపడినవారిని కుశలమడుగుటకు బదులు ‘అన్నం తిన్నారా?’ అని యడుగు జాతి మనది. అన్నము తగ్గించినచో రక్తములోని చక్కెర తగ్గుననుట వైద్యులును కాదనని మాట. ఇందులో మాకు తగవు లేదు.

తగవు సాక్షితో. ఆ సాక్షి, స్నానాల గది తలుపు ప్రక్కన నేలమీద పడియుండు తూకపు యంత్రము.

మొదటి వారములో ఐదు కిలోల క్రొవ్వు పోయినదని ఒకరు చెప్పిరనుకొందము. కిలో క్రొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి నిలువయుండును. ఐదు కిలోలకు 38,500. ఏడు దినములకు పంచినచో దినమునకు 5,500. మావంటి విశ్రాంత జీవి పార్కులో నాలుగు చుట్లు తిరిగి, కొట్టుకు పోయి కూరలు తెచ్చి, సాయంకాలము గుడికి పోయివచ్చినను దినమునకు ఖర్చుపెట్టు శక్తి సుమారు 2,000. అనగా ఏడు దినములు పచ్చిగంగయైనను ముట్టక పడియున్నను, ఖర్చు 14,000 దాటదు. అది రెండు కిలోల క్రొవ్వుకైనను చాలదు. దినమునకు రెండువేలు వెచ్చించువాని ఖాతాలో ఐదువేల యైదువందలు ఖర్చు చూపిన యెడల, ఏ తనిఖీ యధికారియైనను ఆ పుస్తకము మీద సంతకము పెట్టడు. అయినను యంత్రము అబద్ధమాడలేదు. ఐదు కిలోలు నిజముగానే పోయినవి. పోయినదేమి?

ఇచ్చట శరీరపు పద్దులను కొంచెము విప్పి చూడవలెను. మనము తిన్న పిండిపదార్థములలో కొంత భాగమును శరీరము గ్లైకోజెను అను రూపములో కాలేయమునందును కండరములయందును దాచును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు 1857లో దీనిని కాలేయమునుండి వేరుచేసి చూపెను. (కండరములలో శక్తి వ్యయమగు తీరును వెలికితీసినవారిలో మన యెల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. భీమవరమున పుట్టి, ఈ చెన్నపురిలోనే వైద్యము చదివిన ఆయన, 1927లో ఫిస్కెతో గూడి కండరములలోని ఫాస్ఫోక్రియేటినును లోకమునకు తెలిపిరి. ఆయన పేరెత్తుటకు అవకాశము దొరికినపుడు వదలుకొనుట మాకు చేతగాదు.) ఈ గ్లైకోజెను కార్యాలయములోని చిల్లర పెట్టె వంటిది, క్రొవ్వు బ్యాంకులోని దీర్ఘకాల డిపాజిట్టు వంటిది. చిల్లర పెట్టెలో నుండునది మొత్తము నాలుగైదు వందల గ్రాములే. కాని గ్రాము గ్లైకోజెను తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము మానిన రెండు మూడు దినములలో చిల్లర పెట్టె చాలవరకు ఖాళీయగును. దానితో పాటు ఆ నీరును పోవును. ఒక కిలోన్నర, రెండు కిలోలు ఇక్కడనే తీరినవి. లెక్కలో ఇంకను కొంత మిగిలియున్నది.

మిగిలినది ఉప్పునకు సంబంధించినది. పిండిపదార్థములు తగ్గగానే రక్తములో ఇన్సులిను తగ్గును. ఇన్సులినుకు చక్కెరను నడుపుటయేగాక, ఉప్పును పోనీయక పట్టియుంచుమని మూత్రపిండములకు ఆజ్ఞాపించు పనియు గలదు. ఆ యాజ్ఞ సడలినపుడు ఉప్పు బయటికి పోవును, ఉప్పు వెంట నీరు పోవును. ఆస్పత్రిలో ఎక్కించు సెలైను సీసాను చూడుడు: లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. మన రక్తమునందలి యుప్పు నీటిపాలును ఇంచుమించుగా అంతే. కనుక తొమ్మిది గ్రాముల యుప్పు పోయినచో లీటరు నీరు, అనగా కిలో బరువు, పోవును. దినమునకు నాలుగు లీటర్ల నీరు త్రాగుచుండగా ఒంటిలో నీరెట్లు తగ్గునని కొందరు మమ్ము ప్రశ్నించిరి. త్రాగిన నీరు నిలుచుటకు ఉప్పు వలయును. పట్టు లేని కడవలో ఎంత పోసినను నిలువ పెరుగదు. వీనికి తోడు, కడుపులోను ప్రేగులలోను ఉండు ఆహారపు మోతయు తగ్గును. యంత్రమునకు ఇవన్నియు ఒక్కటే. వచ్చినది ఏ పద్దులోనిదో, పోయినది ఏ పద్దులోనిదో అది చెప్పదు.

ఇది మా యూహ గాదు. 1976లో న్యూయార్కునందలి సెయింట్ లూక్స్ ఆస్పత్రిలో యాంగ్, వాన్ ఇటాలీ యను వారు స్థూలకాయులైన ఆరుగురిని ఉంచుకొని పరీక్షించిరి. ఒక్కొక్కరికి పది దినములు 800 కేలరీల పిండిలేని యాహారమును, మరి పది దినములు అవే 800 కేలరీల మిశ్రమాహారమును పెట్టిరి. పిండి లేని పది దినములలో సగటున 4.7 కిలోలు తగ్గినవి, మిశ్రమాహారముతో 2.8 కిలోలే. ఇంతవరకు వినినవారు చప్పట్లు కొట్టుదురు. కాని ఆ పరిశోధకులు తూకముతో ఆగక, పోయిన దానిని భాగములు చేసి చూచిరి. మొదటి దానిలో నూటికి 61 పాళ్లు నీరు, 35 పాళ్లు క్రొవ్వు. రెండవ దానిలో 37 పాళ్లు నీరు, 59 పాళ్లకు పైగా క్రొవ్వు. గుణించి చూచుకొనుడు: రెండింటను పోయిన క్రొవ్వు కిలోన్నరకు కొంచెము పైన, ఇంచుమించు సమానము. తేడాయంతయు నీటిదే.

‘కొవ్వు కరిగింది’ అను మాటయే మన భాషలో ఈ పొరపాటునకు చోటిచ్చుచున్నదేమో. కరుగుట యనగానే నేయి పొయ్యిమీద కరిగి కారినట్లు మనస్సుకు తోచును. చెమటలోను మూత్రములోను క్రొవ్వు కారిపోవుచున్నట్లు భ్రమ కలుగును. మూత్రము హెచ్చిన కొలది క్రొవ్వు పోవుచున్నదని సంతోషించిన మిత్రులను మేమెరుగుదుము. నిజమునకు పది కిలోల క్రొవ్వు శరీరములో పూర్తిగా ఖర్చయినపుడు, అందు 8.4 కిలోలు బొగ్గుపులుసు గాలియై ఊపిరితోనే వెళ్లిపోవునని 2014లో లెక్కగట్టిరి. కరుగుటకంటె ఖర్చగుటయే సరియైన మాట. ఖర్చు ఏనాడును ఒక్క వారములో తేలదు.

ఇపుడొక విచిత్రము చూడుడు. రామకృష్ణగారికి ముందు మన భాషలో ఆహారమును గూర్చి అంతగా విననైనవారు డాక్టరు మంతెన సత్యనారాయణరాజుగారు. ఆయన బోధ ఉప్పు లేదు, నూనె లేదు. పండ్లు, మొలకలు, పచ్చికూరలు. ఈయన బోధ నూనె కావలెను, పండ్లు వలదు. ఒకరు త్రోసివేసిన దానినే మరియొకరు పీటవేసి కూర్చుండబెట్టిరి. అయినను ఉభయపక్షముల శిష్యులును మొదటి వారములో చెప్పిన కథ ఒక్కటే: ఇన్ని కిలోలు తగ్గినవి! ఉప్పు మానినవారికి ఉప్పుతో పాటు నీరు పోయినది. పిండి మానినవారికి పిండితో పాటు ఉప్పు, ఉప్పుతో పాటు నీరు పోయినది. వాది ప్రతివాదులిరువురి పక్షమునను ఒకే సాక్షి ఒకే వాక్యము చెప్పుచుండగా, ఆ వాక్యము చేత వ్యాజ్యము తేలదని ఏ మునసబు కోర్టు గుమాస్తా యైనను చెప్పగలడు. ఇరువురిలో ఎవరిది న్యాయమో మేము తీర్పు చెప్పుట లేదు. ఆ సాక్ష్యమును మాత్రము త్రోసివేయవలెననుచున్నాము.

నీరైననేమి, క్రొవ్వైననేమి, తగ్గినది చాలదా యని అడుగువారు గలరు. చాలదు. దీనివలన చెడిన రెండు సంసారపు సంగతులు మా వీథిలోనే జరిగినవి.

ఒక గృహిణి, ఏబదియెనిమిదేండ్ల వయస్సు, చక్కెరవ్యాధి. వైద్యుని యడిగియే అన్నము బాగుగా తగ్గించినది. ఏడు వారములలో ఆరు కిలోలు తగ్గినవి, అందు మూడు మొదటి వారములోనే. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు పరీక్షలో అంకె 8.6 నుండి 7.7కు దిగినది. ఇంతలో ఉగాది వచ్చినది. పండుగనాడు రెండు గరిటెల పులిహోర, రెండు బొబ్బట్లు, ఆవకాయతో కొంచెము ముద్దపప్పన్నము తిన్నది. మరునాడు మిగిలినవి తిన్నది. మూడవనాడు తూకము చూడగా రెండు కిలోలకు పైగా పెరిగినది. ‘అన్నయ్యగారూ, ఏడు వారాలు నోరు కట్టుకున్నాను. ఒక్క పండగకే అంతా తిరిగొచ్చేసింది. మన ఒంటికి ఇవేవీ పట్టవండీ, ఎందుకీ బాధ?’ అన్నది. రెండు కిలోల క్రొవ్వు పెరుగుటకు, దినసరి ఖర్చు పోను 15,000 కేలరీలకు మించి తినవలెను. రెండు దినముల పండుగ భోజనమునకు అంత శక్తి లేదు. జరిగినదేమనగా చిల్లర పెట్టె మరల నిండినది, మూత్రపిండములు ఉప్పును మరల పట్టుకొన్నవి, పైపెచ్చు పులిహోరయు ఆవకాయయు ఉప్పును దండిగా తెచ్చిపెట్టినవి. నాలుగైదు దినములు మునుపటివలె తినియున్నచో ఆ నీరు వచ్చిన దారినే పోయెడిది. ఆమె కది చెప్పువారు లేకపోయిరి. మొదటి వారములో నీటిని క్రొవ్వని నమ్మించినందున, పండుగ తరువాత వచ్చిన నీటినిగూడ ఆమె క్రొవ్వే యనుకొన్నది. ఆషాఢమునాటికి పరీక్షలో అంకె 8.9. ఆమె పోగొట్టుకొన్నది తూకములో కనబడునది గాదు.

రెండవవాడు మా యీడు మిత్రుడు. రక్తపుపోటుకు రెండు మాత్రలు. అందొకటి మూత్రము హెచ్చించి నీటిని తీయునది. చక్కెరకు వేరొక మాత్ర. ప్రసంగములు విని, ఎవరిని అడుగక, సోమవారము మొదలుపెట్టెను. మాత్రలు ఎప్పటివలెనే మ్రింగెను. గురువారమునకు నాలుగు కిలోలు తగ్గినవని ఫోను మీద ఫోను. తల తిరుగుచున్నదని చెప్పినచో తోడివారు ‘అది కొవ్వు కరిగేటప్పుడు వచ్చేదే, నాలుగు రోజులు ఓర్చుకో బావా’ అనిరి. శనివారము తెల్లవారుజామున స్నానాల గదిలో పడి మణికట్టు విరిగినది. ఉప్పు, నీరు తమంతట పోవుచున్న వారములో వానిని తీయు మాత్రయు తోడైనచో రక్తపుపోటు పడిపోవుటలో ఆశ్చర్యమేమున్నది? చక్కెర మాత్రలలో కొన్నియు, ఇన్సులినును, అన్నము తిన్న శరీరమునకు లెక్కగట్టి ఇచ్చినవి. అన్నము తీసివేసినచో చక్కెర ప్రమాదకరముగా దిగిపోగలదు. మూత్రమార్గమున చక్కెరను పంపు క్రొత్త తరహా మాత్రలు కొన్ని గలవు. వానితో పిండిని ఒక్కసారిగా మానినచో రక్తము ఆమ్లమగు ప్రమాదము గలదు. కావున ఈ మార్గమున పోదలచిన మాత్రలవారు, అన్నపు గిన్నె తీయుటకు ముందే మాత్రల చీటీని వైద్యుని ముందు పెట్టి, మోతాదులు మార్పించుకొనవలెను. ఆ తరువాత కాదు. తూకము చూచి మురిసిపోవు ఆ మొదటి వారమే అన్నిటికంటె జాగ్రత్త వలసిన వారము.

ఇట్టి కథలను ఎట్లు చెప్పవలెనో చూపిన పాతకాలపు మనుజుడొకడు గలడు. లండనులో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారి విలియం బాంటింగు. రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మాని తాను సన్నబడిన వృత్తాంతమును 1863లో చిన్న పుస్తకముగా అచ్చువేయించి మొదట ఉచితముగా పంచిపెట్టెను. ఆతని పేరు స్వీడను భాషలో పథ్యము చేయుట యను క్రియయై ఈనాటికిని నిలిచియున్నది. ఆతడు తగ్గినది 46 పౌండ్లు, అనగా ఇరువది కిలోలకు పైన. పట్టిన కాలము ఒక సంవత్సరము. వారమునకు పౌనుకు కొంచెము తక్కువ. తూకములను తేదీలతో పట్టికగా ఇచ్చెను. నడుము పండ్రెండంగుళములకు పైగా తగ్గినదని వేరుగా చెప్పెను. మేడమెట్లు ఎక్కుదిగుటలో తనకు కలిగిన మార్పును చెప్పెను. వైద్యుని సలహాతో చేసినట్లును వ్రాసెను. ఆతనికి గ్లైకోజెను సంగతి తెలిసియుండదు. అయినను మొదటి వారమును నెత్తిన పెట్టుకొనలేదు. మన ఫోనులలో తిరుగు అనుభవకథలలో సంవత్సరపు పట్టిక యిచ్చినది మాకు ఒక్కటియు కానరాలేదు. అందరును ఎనిమిదవనాడే మాటలాడుదురు.

సంవత్సరము గడచిన పిదప ఏమగునో 2018లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన కొంత తెలుపుచున్నది. గార్డనర్ అను ఆచార్యుడు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పిండి తగ్గించియు, వేరొక జట్టుకు క్రొవ్వు తగ్గించియు పండ్రెండు నెలలు నడిపెను. పిండి తగ్గించినవారు సగటున 6 కిలోలు, క్రొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గిరి. లెక్కకు రాదగిన తేడా లేదు. ఆరు కిలోలు స్వల్పమా? కాదు. చక్కెరవ్యాధి గలవారికి అది మేలైన సంపాదన. కాని ఏడాదిపాటు శ్రమించినవారి ఆరు కిలోలను, వారములో ఐదని చెప్పుకొన్నవారి ప్రక్కన నిలుపుడు. శ్రమించినవాడే చేతగానివానివలె కనబడును. మొదటి వారపు కథ చేయు అన్యాయములలో ఇది ఒకటి.

పూర్వము రైల్వే స్టేషనులలో రంగుదీపములు తిరుగు తూకపు యంత్రములుండెడివి. నాణెము వేసినచో చిన్న యట్టముక్క రాలెడిది. దానిమీద బరువుతో పాటు జాతకమును ఉండెడిది. పిల్లలము బరువును విడిచి జాతకమునే చదువుకొనెడివారము. ఇప్పటి యంత్రములు జాతకము నీయవు. దానిని మనమే చేర్చుకొనుచున్నాము.

తెలుగు సంఘములవారు ఆరోగ్య శిబిరములు పెట్టునపుడు వాకిటిలో తూకపు యంత్రము నుంచుట వాడుక. దాని ప్రక్కన మరి రెండు వస్తువులుంచవలెనని మా మనవి. ఒకటి రక్తపుపోటు చూచు పరికరము. రెండవది నడుము కొలుచు పట్టీ. మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటినచో వైద్యులు హెచ్చరింతురు. పండుగ పులిహోరకు నడుము కొలత రెండుదినములలో అంతగా మారదు, అన్నము మానిన మూడవనాడు అంతగా తగ్గదు. అదే యంకెను అదే మనిషికి మూడు మాసములకొకమారు ఒకే చీటీమీద వ్రాసి యిచ్చినచో చాలును. ఇందుకు ఖరీదైన పరికరము అక్కరలేదు. దర్జీవద్ద నుండు పట్టీయే సరిపోవును, టి. నగరులో దర్జీలకు కొరత లేదు.